గీతలు కలిశాయి సరే, ఎంత ముందుగా చెప్పినట్టు?
క్లౌడ్ సర్వర్ల లోడ్ అంచనాపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సర్వర్ మీద రాబోయే లోడ్ చెప్పడానికి ఎల్‌ఎస్‌టీఎం (వరుసగా వచ్చే డేటా నుంచి నేర్చుకునే ఒక రకం న్యూరల్ నెట్‌వర్క్) మోడల్ తయారుచేశాను. నిమిషానికొక రీడింగ్ ఉన్న డేటా. గ్రాఫులో అసలు గీత, మోడల్ గీత దాదాపు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. ఆర్ స్క్వేర్డ్ (అంచనా అసలుకు ఎంత దగ్గరో చెప్పే కొలత, 1 అయితే పూర్తిగా సరిపోయినట్టు) 0.97. అయినా మా గైడ్ ఒప్పుకోవడం లేదు. ఎందుకు?
– ఎం.టెక్. విద్యార్థిని, వరంగల్

జవాబు: ఆయన అనుమానం సబబే. గ్రాఫులో ఒక గంట ముక్కను పెద్దది చేసి చూడండి. లోడ్ పెరిగిన ప్రతిచోటా మోడల్ గీత ఒక నిమిషం ఆలస్యంగా పెరుగుతోందా? అయితే అది కిందటి నిమిషం అంకెను తిరిగి అప్పజెబుతోంది, అంతే. నిమిషానికీ నిమిషానికీ లోడ్ పెద్దగా మారదు కనుక, ఆ మాత్రానికే 0.97 వచ్చేస్తుంది.

రెండు ఒంటి లైను పద్ధతులతో పోటీ పెట్టండి. ఒకటి, కిందటి నిమిషం విలువే ఈ నిమిషానికీ. రెండోది, పోయిన వారం ఇదే రోజు, ఇదే సమయంలో ఉన్న విలువ. మీ డేటాలో అది 10,080 వరుసలు వెనక ఉంటుంది. చాలా మోడళ్లు ఈ పోటీ దగ్గరే బోల్తా పడతాయి.

అసలు పరీక్ష వ్యవధిది. కొత్త సర్వర్ లేచి, అప్లికేషన్ మొదలై, లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులను సర్వర్ల మధ్య పంచేది) చేసే హెల్త్ చెక్ దాటి పనిలోకి దిగడానికి 6 నిమిషాలు, రీడింగులు మీకు చేరడానికి మరో 2 నిమిషాలు పడుతుందనుకుందాం. అప్పుడు వచ్చే నిమిషం సంగతి ఎంత కచ్చితంగా చెప్పినా వాడుకోవడానికి వ్యవధి ఉండదు. '8వ నిమిషం నుంచి 20వ నిమిషం దాకా గరిష్ఠ లోడ్ ఎంత' అన్నది మోడల్‌కు లక్ష్యంగా ఇవ్వండి. స్కోరు పడిపోతుంది, పడనివ్వండి.

డేటాను కలగాపులగంగా కలిపి ట్రైనింగ్, టెస్ట్ అని విడదీశారేమో కూడా చూసుకోండి. అలా చేస్తే 10:01, 10:03 ట్రైనింగ్‌లో ఉండి 10:02 టెస్ట్‌లో పడుతుంది. జవాబు ముందే తెలిసిపోయినట్టే. ఆరు వారాలతో నేర్పి ఏడోవారం మీద పరీక్షించండి, తర్వాత ఒక్కో వారం ముందుకు జరపండి. స్కేలర్‌ను (అంకెల్ని ఒకే శ్రేణిలోకి తెచ్చే సాధనాన్ని) కూడా ట్రైనింగ్ భాగం మీదే ఫిట్ చేయాలి.

ప్రశ్న: మాది ఫుడ్ ఆర్డర్ల యాప్, అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో నడుస్తోంది. సగటు సీపీయూ 60 శాతం దాటితే సర్వర్లు పెరిగేలా పెట్టాం. రాత్రి 7 గంటల రద్దీకి అవి ఆలస్యంగా అందుతున్నాయి. ప్రిడిక్టివ్ స్కేలింగ్ (రద్దీని ముందే అంచనా వేసి సర్వర్లు పెంచే ఏడబ్ల్యూఎస్ సదుపాయం) పెట్టుకోవచ్చా?
– బ్యాకెండ్ ఇంజనీరు, విజయవాడ

జవాబు: పెట్టుకోవచ్చు, దాని పరిమితులు తెలుసుకుని. దానికి కనీసం 24 గంటల చరిత్ర కావాలి. గరిష్ఠంగా 14 రోజులది చూస్తుంది. వచ్చే 48 గంటలకు గంటలవారీగా అంచనా ఇచ్చి, 6 గంటలకోసారి సరిదిద్దుకుంటుంది. పోయిన దసరా రద్దీ దానికి తెలిసే అవకాశమే లేదు. పైగా అది సర్వర్లను పెంచుతుందే గానీ తగ్గించదు, కాబట్టి ఇప్పుడున్న పాలసీని తీసేయకండి. రెండు వారాలపాటు కేవలం అంచనా వేసే మోడ్‌లో నడిపి, అసలు లోడ్‌తో పోల్చాక అమలుకు పెట్టండి.

మనవాళ్లకు ఇక్కడో చిక్కుంది. ఆ గంటలు యూటీసీవి, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయానివి. మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు. అంటే దాని లెక్కలో ఒక గంట మనకు 6:30 నుంచి 7:30 వరకు. సరిగ్గా మధ్యలో, 7:00కి, మీ రద్దీ మొదలవుతుంది. సగం ఖాళీ, సగం రద్దీ కలిసి సగటులో పలచబడిపోతాయి. దీనికి షెడ్యూల్డ్ యాక్షనే (చెప్పిన సమయానికి సర్వర్ల సంఖ్య మార్చే ఏర్పాటు) సులువు: టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా పెట్టి, 6:50కి కనీస సర్వర్ల సంఖ్య పెంచండి.

సొంత మోడల్ కట్టుకుంటే సగటు సీపీయూను అంచనా వేయకండి. సర్వర్లు పెరగగానే అది తగ్గుతుంది. నిన్నటి మీ స్కేలింగ్ నిర్ణయాలనే మోడల్ లోడ్ అనుకుని నేర్చుకుంటుంది. సెకనుకు వచ్చే రిక్వెస్టులు తీసుకోండి. సర్వర్లు చేతులెత్తేసిన రోజుల డేటాను మాత్రం గుర్తుపెట్టి పక్కనుంచాలి: అక్కడ కనిపించేది తీర్చగలిగిన గిరాకీ, వచ్చిన గిరాకీ కాదు. దానికి తోడు ఫెయిలైన రిక్వెస్టులను యాప్ మళ్లీ మళ్లీ పంపి అంకెల్ని ఉబ్బిస్తుంది.

సగటు అంచనా కాకుండా లైట్‌జీబీఎం అనే ఎంఎల్ (మెషీన్ లెర్నింగ్) లైబ్రరీలో 0.9 క్వాంటైల్ (పదింట తొమ్మిదిసార్లు అసలు లోడ్ దాటని అంచనా) వాడండి. అందులో తక్కువ చెప్పడానికి పడే శిక్ష, ఎక్కువ చెప్పడానికి పడేదానికి 9 రెట్లు. ఆర్డరు పోవడం మీకు అంతకన్నా నష్టమైతే 0.95కి వెళ్లండి, అక్కడ 19 రెట్లు. అంచనా సెకనుకు 1,800 రిక్వెస్టులు, లోడ్ టెస్ట్‌లో ఒక్కో సర్వర్ ఇబ్బంది లేకుండా మోసింది 150 అయితే 12 సర్వర్లు. ఒకటి పడిపోయినా నిలవడానికి 13.

ప్రశ్న: పరీక్షా ఫలితాల వెబ్‌సైటు చూస్తాం. విడుదల రోజు రద్దీని ఎంఎల్‌తో పట్టుకోవచ్చా?
– సిస్టమ్ అడ్మిన్, హైదరాబాద్

జవాబు: అక్కర్లేదు. విడుదల సమయం ముందే ప్రకటిస్తారు. రాసినవాళ్ల సంఖ్య మీ దగ్గరే ఉంది. దాదాపు సున్నా నుంచి శిఖరానికి నిమిషాల్లో చేరే లోడ్‌ను ఆటోస్కేలింగ్ (లోడ్‌ను బట్టి సర్వర్లు వాటంతటవే పెరగడం, తగ్గడం) అందుకోలేదు. గంట ముందే సర్వర్లు లేపండి, ఫలితాలను డేటాబేస్ నుంచి కాక ముందే తయారుచేసిన ఫైళ్లుగా ఇవ్వండి. అదే సైటుకు రోజువారీ అంచనా మోడల్ కూడా ఉంటే, ఆ రోజును ట్రైనింగ్‌లోంచి తీసేయండి. లేకపోతే సరిగ్గా వారం తర్వాత అదే సమయానికి లేని రద్దీ వస్తుందని చెబుతుంది.

ప్రశ్న: సాధనకు నిజమైన డేటా ఎక్కడ?
– బి.టెక్. విద్యార్థి, కాకినాడ

జవాబు: గూగుల్ 2011 ట్రేస్‌లో (నిజమైన క్లస్టర్ పనితీరు రికార్డు) సుమారు 12,500 యంత్రాల 29 రోజుల వివరాలున్నాయి; వనరుల అంకెలు అసలు విలువలు కావు, నిష్పత్తులు. అలీబాబా 2018 ట్రేస్ సుమారు 4,000 యంత్రాలు, 8 రోజులు. వారపు లయ నేర్చుకోవడానికి చాలదు. మొదటిసారి చేసేవారికి అజూర్ ఫంక్షన్స్ (పిలిచినప్పుడే నడిచే చిన్న కోడ్ ముక్కల మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ) 2019 ట్రేస్ నయం: 14 రోజులు, ఏ ఫంక్షన్‌ను నిమిషానికి ఎన్నిసార్లు పిలిచారో ఉంటుంది. అందులో చాలా ఫంక్షన్లు అరుదుగా పిలిచేవే, కాబట్టి సున్నాలు ఎక్కువ. పొరపాటును అసలు విలువలో శాతంగా లెక్కించే ఎంఏపీఈ కొలత అక్కడ సున్నాతో భాగహారం చేయాల్సి వచ్చి పనిచేయదు, ఎంఏఎస్‌ఈ (పొరపాటును 'కిందటి విలువే' లాంటి సాదా అంచనా పొరపాటుతో పోల్చే కొలత) వాడండి.