అన్నీ అమ్మేయకండి, ముందు ఫీజు డబ్బు పక్కకు తీయండి

అమెరికాలో మాంద్యం వస్తే ఉద్యోగం పోతుందేమో, నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో పెట్టే సిప్ ఆపేసి, ఆ ఫండ్లన్నీ అమ్మేసి బంగారం కొననా అని అడిగారు కదండీ. అమ్మకండి.

మీ క్లయింట్లంతా అమెరికా వాళ్లే కాబట్టి జీతం గురించి టెన్షన్ సహజమే. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి కనీసం ఎనిమిది నెలలకు సరిపడా ఎఫ్‌డీలో ఉంచండి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే, అంతకు మించితే రెండు బ్యాంకుల్లో పెట్టండి. అది సమకూరేదాకా సిప్ సగానికి తగ్గించినా తప్పులేదు. పాప కాలేజీ ఫీజు వచ్చే ఏడాదే అన్నారు, ఆ మొత్తం మాత్రం ఈక్విటీలోంచి, అంటే షేర్లలో పెట్టే ఫండ్ల నుంచి ఇప్పుడే తీసేయండి.

మిగతాది కదపొద్దు. 2020 జనవరిలో 12,300 దాటిన స్టాక్ మార్కెట్ సూచీ నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. ఆ రాత్రి ఫోన్‌లో ఫండ్లు అమ్మేసే రిడీమ్ బటన్ దాకా వెళ్లాను. "అది పిల్లల పెళ్లిళ్ల డబ్బు, ఇప్పుడెందుకు?" అని మా ఆవిడ ఆపింది. నవంబరుకల్లా నిఫ్టీ పాత గరిష్ఠం దాటింది. ప్రతిసారీ ఇంత త్వరగా కోలుకోదు, 2008 పతనం తర్వాత రెండేళ్లకు పైనే పట్టింది.

మీ మొత్తం పెట్టుబడిలో బంగారం పదో వంతు చాలు. ఆఫీసు ఇచ్చింది కాకుండా సొంత హెల్త్ పాలసీ ఉందా? లేకపోతే ఈ వారమే తీసుకోండి.