ఇంటరెస్ట్ పక్కన ఎవరున్నారు?

తమ్ముడికి,

నువ్వు పంపిన ఇంగ్లీషు కథ రెండుసార్లు చదివాను. తండ్రి పోయాక పెద్దకొడుకు మారిన తీరు బాగా పట్టుకున్నావు. మూడో పేరాలో మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 'హీ పుట్ ఇంటరెస్ట్ ఆన్ స్టడీస్' అని రాశావు. 'చదువు మీద ఇంటరెస్ట్ పెట్టాడు' అని మనం రోజూ అనే మాటే. కానీ ఆసక్తి అనే అర్థంలో ఇంగ్లీషు ఇంటరెస్ట్ పక్కన పుట్ ఇమడదు, టేక్ ఇముడుతుంది. 'హీ టుక్ యాన్ ఇంటరెస్ట్ ఇన్ హిజ్ స్టడీస్' అనాలి. మనం పెట్టేదాన్ని వాళ్లు తీసుకుంటారు.

ఎందుకలా అని అడిగితే, వాడుక అంతే. మనకు కోపం వస్తుంది, భయం వేస్తుంది, జలుబు చేస్తుంది. ఎవరైనా 'జలుబు వేసింది' అంటే అర్థం తెలుస్తుంది, చెవికి మాత్రం గుచ్చుకుంటుంది. నీ వాక్యం ఇంగ్లీషు చెవికి అలాగే తగులుతుంది. ఇలా జతకట్టే మాటల్ని కొలొకేషన్స్ అంటారు. మాట ఎవరితో తిరుగుతుందో చూస్తే అదేమిటో తెలుస్తుందని ఫర్త్ అనే బ్రిటిష్ భాషావేత్త 1957లో రాశాడు.

ఇంటరెస్ట్ విషయంలో అది అక్షరాలా నిజం. ఆ మాటకు ఆసక్తి, వడ్డీ, ప్రయోజనం, వాటా అన్నీ అర్థాలే. పే, చార్జ్, ఎర్న్ ముందొస్తే వడ్డీ. షో, స్పార్క్ వస్తే ఆసక్తి. వెస్టెడ్ వస్తే స్వలాభం. కంట్రోలింగ్ వస్తే కంపెనీలో పెత్తనం చేయగలిగినంత వాటా. ఆ చిన్న 'యాన్'ని కూడా గమనించు. వడ్డీకి అది రాదు, ఆసక్తికీ వాటాకీ వస్తుంది. తొందరలో వదిలేస్తాం గానీ, చాలాసార్లు అర్థాన్ని తేల్చేది అదే.

లాటిన్‌లో దీని మూలానికి 'మధ్యలో ఉండటం', 'సంబంధం ఉండటం' అని అర్థం. వడ్డీ వ్యాపారాన్ని చర్చి నిషేధించిన మధ్యయుగాల్లో, అప్పు సమయానికి తీర్చకపోతే జరిగిన నష్టానికి ఇచ్చే పరిహారాన్ని ఆ మాటతోనే పిలిచేవారు. వడ్డీ అనే అర్థం అక్కణ్ణుంచి వచ్చింది.

నాకు బాగా ఇష్టమైన జత 'విత్ ఇంటరెస్ట్'. 'హీ రెడ్ ద లెటర్ విత్ ఇంటరెస్ట్' అంటే ఉత్తరం ఆసక్తిగా చదివాడు. 'హీ రిటర్న్‌డ్ ద ఇన్సల్ట్ విత్ ఇంటరెస్ట్' అంటే అవమానాన్ని వడ్డీతో సహా తిరిగిచ్చాడు. ఆ రెండు మాటలూ అలాగే ఉన్నాయి, క్రియ మారేసరికి మనిషే మారిపోయాడు. రెండోది మన నానుడే, ఎక్కడా వంచనక్కర్లేదు. ఇలాంటిది దొరికిన రోజు నాకు పండగలా ఉంటుంది.

జాగ్రత్తపడాల్సిన చోటూ ఒకటుంది. నా తొలి అనువాదాల్లో ఒకచోట నిష్పాక్షికమైన జడ్జిని 'అన్‌ఇంటరెస్టెడ్ జడ్జ్' అని రాశాను. చదివినవాళ్లకు కేసంటే ఆసక్తే లేని జడ్జి కనిపించాడు. అక్కడ ఉండాల్సింది 'డిస్‌ఇంటరెస్టెడ్', అంటే ఆ కేసులో స్వలాభం లేనివాడు. అచ్చయ్యాక చూసుకుని చాలా బాధపడ్డాను. నీకు ఆ బాధ రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇకనుంచి నోట్‌బుక్‌లో కొత్త మాటను ఒంటరిగా రాసుకోకు. ముందొచ్చే క్రియ, వెనకొచ్చే ఇన్, ఆన్ లాంటివి కలిపి రాసుకో. కింద నీ కథలో పాత్ర నోటికి సరిపడే వాక్యం ఒకటి రాయి. డిక్షనరీలో అర్థం చూసి ఊరుకోకుండా ఉదాహరణలన్నీ చదువు, జతలు దొరికేది అక్కడే.

ఐదో పేజీలో తల్లి మాటల్లో ఇంకో ఇంటరెస్ట్ ఉంది. దాన్ని నేను దిద్దలేదు, పెన్సిల్‌తో గీత గీశానంతే. అక్కడ దాని అర్థమేమిటో, పక్కన ఏ మాట ఉండాలో నువ్వే చూసి, కథ మళ్ళీ పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య