తెల్లనివన్నీ గుంటగలగర కాదు

అమ్మలూ,

నువ్వు పంపిన ఐదు ఫోటోలూ చూశాను. ఐదింటికీ గుంటగలగర అనే రాశావు, రెండే సరిపోయాయి. దానికి మొహం చిన్నబుచ్చుకోకు. మీ నాయనమ్మ ఒకసారి గుంటగలగర అనుకుని బుట్టెడు గడ్డి చామంతితో తలనూనె కాచింది, ఇంటిల్లిపాదీ రాసుకున్నాం. ఆ బుట్ట కోసుకొచ్చింది నేనే. అందుకే మన ఇంట్లో ఆ మాట ఎత్తను.

నువ్వు ఫోటోలన్నీ పైనుంచి, పువ్వొక్కటే కనబడేలా తీశావు. ముందు ఆ అలవాటు మానెయ్. చామంతి కుటుంబంలో మనం పువ్వు అనుకునేది ఒక పువ్వు కాదు. మధ్యలో గొట్టాల్లాంటి బుల్లి పూలు, అంచున రేకుల్లా కనిపించే పూలు, అన్నీ ఒకే పళ్ళెంలో సర్దినట్టు ఉంటాయి. పైనుంచి చూస్తే అన్నీ అక్కచెల్లెళ్ళే. పువ్వును తిప్పి కిందివైపు చూడు, కాడ పొడవు చూడు, ఆకు తడిమి చూడు. రంగు సంగతి ఆ తర్వాత.

గుంటగలగర రేకులు దారపు ముక్కల్లా సన్నగా, లెక్కపెట్ట బుద్ధి కానన్ని ఉంటాయి. పువ్వంతా కలిపి సెంటీమీటరు కూడా ఉండదు. ఆకులు ఎదురెదురుగా, ఈటె మొనల్లా, రెండు వైపులా గరుగ్గా ఉంటాయి. రేకులు రాలాక ఆకుపచ్చ గుండీ ఒకటి మిగులుతుంది. అందులోని గింజలకు దూది ఉండదు. ఇంకా అనుమానమైతే ఆకు నలిపి కాసేపు ఆగు, రసం నల్లబడుతుంది.

గడ్డి చామంతిది వేరే వాలకం. జానెడు కాడ మీద ఒంటరి పువ్వు, చుట్టూ ఐదారు వెడల్పు రేకులు, పాలమీగడ రంగు. ఒక్కో రేకు కొసన మూడు పళ్ళు ఉంటాయి. ముదిరాక ఊదితే దూదితో ఎగిరిపోతుంది. నిజానికి ఇది తడి మొక్క కాదు, గట్టు మీద, రోడ్డు వార బతుకుతుంది. కానీ గట్టుకీ గుంటకీ మధ్య ఎంత దూరమని? నేను బోల్తా పడిందీ అక్కడే.

ఇక పసుపు రంగువి. నీ నాలుగో ఫోటో పార్కులోది కదా? నేలంతా పరుచుకుని, ఆకులు దళసరిగా, నిగనిగలాడుతూ, పైభాగాన వెడల్పై మూడు పాయలుగా చీలి ఉన్నాయి. అది స్ఫాగ్నెటికోలా ట్రైలోబాటా. ఆ పేరులోనే మూడు పాయలున్నాయి. అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి అందం కోసం తెచ్చిన తీగ. తడి దొరికితే మిగతా వాటిని బతకనివ్వదు. ప్రపంచంలోని 100 చెడ్డ చొరబాటు జీవుల జాబితాలో దీని పేరూ ఉంది. మన పసుపు గుంటగలగర దీనికి దగ్గర చుట్టం. పువ్వులు చూసి తేడా చెప్పమంటే నేనూ తడబడతాను. ఆకు చూస్తేనే తేలుతుంది: రెండు చివర్లా సన్నబడి, పాయలు లేకుండా, గరుగ్గా ఉంటుంది. పార్కు తీగకూ పూల దగ్గరి లేత ఆకులకు ఒక్కోసారి పాయలు ఉండవు, కాబట్టి కింది ఆకులు కూడా చూడు.

బోడసరంతో నీకు ఇబ్బంది లేదు. కోతలయ్యాక వరి మళ్ళలో ఊదారంగు బంతులు, కాండానికి రెక్కలు, నలిపితే ఘాటు వాసన. ఒకసారి చూస్తే మర్చిపోవు.

వయ్యారిభామను మాత్రం ఉత్త చేత్తో ముట్టుకోకు. దానివీ చిన్న తెల్ల పూలే, కానీ ఆకులు క్యారెట్ ఆకుల్లా చీలి ఉంటాయి. కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి.

సంక్రాంతికి వస్తే కొండకర్ల ఆవ చెరువుకి వెళ్దాం. అప్పటికి నీళ్ళు కాస్త తీసి, అంచుల్లో మొక్కలు పూతకొస్తాయి. పాత చెప్పులు, పాత పేపర్లు తెచ్చుకో. పువ్వూ, కింది ఆకూ, వేరూ ఉండేలా ఒక్కో కొమ్మ పేపర్లో నొక్కి, తేదీ, చోటు అక్కడికక్కడే రాయాలి. ఇంటికొచ్చాక రాద్దామంటే కుదరదు, నా దగ్గర ఎక్కడివో తెలియని కట్టలు రెండున్నాయి. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీ బోటనీ డిపార్ట్‌మెంట్ హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలు దాచే చోట, అడిగి, వాళ్ళ నమూనాలతో పోల్చుకుందాం.

ఐదో ఫోటో మాత్రం నాకూ తేలలేదు. ఆకు ఒక్కటీ పడలేదు. మేఘాద్రి గెడ్డ వైపు మళ్ళీ వెళ్తే మోకాళ్ళ మీద కూర్చుని, పక్కనుంచి తీసి పంపు.

మీ పెదనాన్న