వాగు శుభ్రం చేసే పనికి మనుషులు నిలబడాలంటే

తమ్ముడూ, హాలియా వాగు బాగు చేద్దామని మొదలుపెడితే మొదటి ఆదివారం చాలామంది వచ్చి, తర్వాత ముగ్గురే మిగిలారని, కల్వర్టు కింద చెత్త మళ్లీ చేరిందని రాశావు కదా. వాగంతా నెత్తిన వేసుకోవద్దు, ఆ కల్వర్టుకు అటూ ఇటూ కనిపించేంత మేరే పట్టుకోండి. చెత్త తీయడం కంటే అది ఎక్కడి నుంచి పడుతోందో చూడటం ముఖ్యం: చికెన్ షాపు ఈకల మూటలా, ఫంక్షన్ హాలు ప్లేట్లా? వాళ్లతో గొడవ పెట్టుకోకుండా, పంచాయతీ కార్యదర్శిని కలిసి చెత్త ట్రాక్టర్ ఆ షాపు, హాలు ముందు ఆగేలా మాట్లాడితే సగం సమస్య అక్కడే తీరుతుంది.

గట్టు మీద జమ్ము, తుంగ మాత్రం పీకొద్దు, చూడ్డానికి చెత్తలా ఉన్నా మట్టి కోసుకుపోకుండా పట్టుకునేవి వాటి వేర్లే. సర్కారు తుమ్మ ముళ్లు చెప్పుల్లోంచి దిగుతాయి, అందరినీ బూట్లతోనే రమ్మను.

ఇక మనుషులు రావాలంటే పని రెండు గంటలకు మించకూడదు. తర్వాత ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది విప్పుకొని చెట్టు కింద కూర్చోండి, పిల్లలకు లకుముకి పిట్ట నీళ్లలోకి దూకి చేపతో లేవడం చూపించండి, వానాకాలంలో అయితే ఈతచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లు కూడా. ఏడాదికోసారి నల్లమలలో మల్లెలతీర్థం జలపాతానికి తీసుకెళ్తే ఇంకా ఉత్సాహంగా ఉంటారు, అది అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉంది కాబట్టి ప్లాస్టిక్ తీసుకెళ్లకండి.

వానలు మొదలయ్యాక వాగులో దిగొద్దు, ఎగువన వాన పడితే ఇక్కడ ఉన్నట్టుండి వరద వస్తుంది.