సరిహద్దు దగ్గర సిగ్నల్ ఎవరిది, బిల్లు ఎవరికి?

ప్రశ్న: నేను దేశం దాటనే లేదు, సరిహద్దుకి దగ్గర్లో ఉన్నానంతే, ఫోన్ పక్క దేశం నెట్‌వర్క్ పట్టుకుని రోమింగ్ బిల్లు వేసింది. సిగ్నల్‌ని గీత దగ్గరే ఆపేయలేరా?

జవాబు: ఆపలేరండి. సరిగ్గా గీత దగ్గర సిగ్నల్ సున్నా అవ్వాలంటే అంతకుముందే అది బాగా పడిపోవాలి, అప్పుడు సరిహద్దుని ఆనుకుని ఉన్న సొంత జనాలకే నెట్‌వర్క్ ఉండదు. అందుకే పక్కపక్క దేశాలు కూర్చుని ఒప్పందాలు రాసుకుంటాయి. గీత మీద, నేల నుంచి 3 మీటర్ల ఎత్తులో, అవతలి టవర్ సిగ్నల్ ఇంతకి మించకూడదు అని. అదొక్కటే సరిపోదు, రెండు వైపులా ఒకే ఫ్రీక్వెన్సీ వాడుతుంటే ఫోన్ ఏ టవర్ ఏదో పోల్చుకోవాలి కదా. 4జీలో దానికోసం ఉన్న గుర్తింపు నంబర్లు మొత్తం 504, వాటిని కూడా ఇవి మీకు ఇవి మాకు అని పంచుకుంటారు. ఇంత పని జరుగుతుందని బయట ఎవరికీ తెలీదు, కానీ సరిహద్దు దగ్గర కాల్ నిలబడుతోందంటే దీనివల్లే.

ఇక మీ బిల్లు సంగతి. సొంత నెట్‌వర్క్ దొరికినంతసేపూ ఫోన్ దాన్నే పట్టుకుంటుంది, గోడల మధ్యో లోయలోనో అది పూర్తిగా పోతే అవతలిదానికి వెళ్తుంది, ఒకసారి వెళ్లాక సొంతది తిరిగొచ్చినా వెంటనే వెనక్కి రాదు. కాబట్టి సరిహద్దు దగ్గర ఉన్నన్నాళ్లూ నెట్‌వర్క్ సెలక్షన్ మాన్యువల్‌లో పెట్టండి, డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. యూరోపియన్ యూనియన్‌లో అయితే ఇలా తెలియకుండా పడే రోమింగ్ నుంచి కస్టమర్‌ని కాపాడే బాధ్యత ఆపరేటర్‌దేనని చట్టంలోనే ఉంది. అన్నిచోట్లా ఉండాల్సిన రూల్ అది.

ప్రశ్న: యూరప్‌లో రోమింగ్ చార్జీలు తీసేశారు కదా, మరి స్పెక్ట్రమ్, అంటే సిగ్నళ్లు నడిచే ఫ్రీక్వెన్సీలు కూడా అందరికీ కలిపి ఒకేసారి ఎందుకు వేలం వేయరు?

జవాబు: మంచి ప్రశ్న. ముందు రోమింగ్ ఎందుకంత ఖరీదుగా ఉండేదో చూడాలి. మీరు వేరే దేశంలో ఫోన్ వాడితే అక్కడి ఆపరేటర్ మీ ఆపరేటర్ దగ్గర హోల్‌సేల్ రేటు వసూలు చేస్తాడు. ఆ రేటు తగ్గించాల్సిన అవసరం వాడికి లేదు, ఎందుకంటే బిల్లు చూసి తిట్టుకునేది వాడి కస్టమర్ కాదు. మీ దేశం రెగ్యులేటర్‌కేమో, అంటే టెలికాం కంపెనీలని అదుపు చేసే సంస్థకి, అవతలి దేశం కంపెనీ మీద అధికారమే లేదు. ఇద్దరికీ అందని చోట రేటు కూర్చుంది, అందుకే దేశాలు విడివిడిగా ఏం చేసినా తగ్గలేదు. 2007లో యూనియన్ స్థాయిలో చట్టం తెచ్చి రేటు ఇంతకి మించకూడదని పెట్టాక కదిలింది, 2017 జూన్ 15 నుంచి సొంత దేశం రేటే యూనియన్ అంతా. అందరూ ఈ తేదీ గురించే చెప్తారు కానీ నా దృష్టిలో అసలు పని హోల్‌సేల్ దగ్గర జరిగింది. 2017లో ఒక జీబీకి 7.70 యూరోలు ఉన్న గరిష్ఠ రేటుని ఏటా తగ్గిస్తూ వస్తున్నారు, 2027కి 1 యూరో. అది తగ్గకపోతే సొంత టవర్లు లేని చిన్న కంపెనీలు కస్టమర్ దగ్గర తీసుకునేదానికంటే ఎక్కువ అవతలివాడికి కట్టుకోవాలి, అలా ఎన్నాళ్లు నడుస్తాయి చెప్పండి.

స్పెక్ట్రమ్ దగ్గరికొస్తే అడ్డం డబ్బు. 2000లో 3జీ వేలంలో బ్రిటన్‌కి 2,250 కోట్ల పౌండ్లు వచ్చాయి, జర్మనీకి దాదాపు 5,000 కోట్ల యూరోలు. అంత ఆదాయం ఏ ఆర్థిక శాఖ వదులుకుంటుంది? పైగా సైన్యం ఏ బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల ముక్క) వాడుతోంది, టీవీ ఏది వాడుతోంది అన్నది దేశానికో రకం. 2013లో యూరోపియన్ కమిషన్ వేలాల తేదీలు, షరతులు దగ్గరికి తెద్దామని ప్రతిపాదిస్తే సభ్య దేశాలు ఒప్పుకోలేదు. అమ్మకం ఎవరిది వాళ్లే చేసుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు, కానీ బ్యాండ్ మాత్రం అందరూ ఒకేసారి ఖాళీ చేయాలి. 1987లో 900 మెగాహెర్ట్జ్‌ని జీఎస్‌ఎమ్, అంటే 2జీ ఫోన్ల కోసం అందరూ కలిసి కేటాయించబట్టే ఒకే ఫోన్ అన్ని దేశాల్లో పనిచేసింది. 700 మెగాహెర్ట్జ్‌కి కూడా 2020 జూన్ 30 అని గడువు పెట్టారు, అయినా తూర్పు సరిహద్దు దేశాలకి ఆలస్యమైంది, ఎందుకంటే యూనియన్ బయట ఉన్న పొరుగువాళ్లు అప్పటికి అదే బ్యాండ్‌లో ఇంకా టీవీ నడుపుతుండేవాళ్లు.

ప్రశ్న: పక్క దేశం రేడియో స్టేషన్ మా స్టేషన్ మీద పడుతుంటే ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు: ముందు మీ దేశం రెగ్యులేటర్‌కి. వాళ్లు అవతలి రెగ్యులేటర్‌తో మాట్లాడతారు, తెగకపోతే జెనీవాలో ఉన్న అంతర్జాతీయ టెలికాం యూనియన్‌కి, అంటే ఐటీయూకి వెళ్తారు. కానీ ఐటీయూ జరిమానా వేయలేదు, స్టేషన్ మూయించలేదు, అందరి ముందు మళ్లీ మళ్లీ అడగడమే దాని బలం. ఇటలీ టీవీ, ఎఫ్‌ఎమ్ స్టేషన్ల మీద స్లోవేనియా, క్రొయేషియా ఏళ్ల తరబడి ఫిర్యాదు చేశాయి. టీవీ గొడవ చాలావరకు తీరింది, ఇటలీ కొన్ని స్టేషన్లకి పరిహారం ఇచ్చి ఫ్రీక్వెన్సీలు ఖాళీ చేయించింది. ఎఫ్‌ఎమ్ మాత్రం అంత తేలిగ్గా తెగలేదు, 1984లో జెనీవాలో రాసుకున్న ఎఫ్‌ఎమ్ ప్లాన్‌లో, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఎవరిదన్న ఒప్పందంలో లేని స్టేషన్లు ఇటలీలో ఎన్నో నడుస్తున్నాయి. మీ ఫిర్యాదులో ఏ రోజు, ఏ టైముకి, ఏ ఫ్రీక్వెన్సీ మీద, ఎక్కడ విన్నారో రాయండి, వీలైతే రికార్డింగ్ కూడా పెట్టండి, అవి లేకపోతే మీ రెగ్యులేటర్ దగ్గర కూడా ఫైలు కదలదు.