యార్డు గేటు దాటిన సరుకు: అంతర్జాతీయ వాణిజ్యం చదవాలనుకునేవారి ప్రశ్నలు

ప్రశ్న: నేను గుంటూరులో బి.కాం. చివరి సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేస్తారు. మా కొట్లో అమ్ముడైన తేజ కాయలు చైనాకు, బంగ్లాదేశ్‌కు వెళ్తాయని చిన్నప్పటి నుంచి వింటున్నాను. కానీ గేటు దాటాక ఆ సరుకు సంగతి మా ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. అంతర్జాతీయ వాణిజ్యం, ఫైనాన్స్‌లో పి.జి. చేయాలని ఉంది. ఇందులో నిజానికి ఏం నేర్పుతారు? ఎం.బి.ఏ. మేలా, ఎం.ఏ. మేలా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: గేటు దాటాక ఏమవుతుందన్న మీ సందేహమే ఈ చదువుకు అసలైన ప్రవేశద్వారం. యార్డులో అమ్మేవారు, కొనేవారు ఒకరికొకరు తెలిసినవారు. బాకీ ఆలస్యమైతే వెళ్లి అడగగలరు. విదేశీ కొనుగోలుదారు విషయంలో ఆ వీలు లేదు కనుక, ముఖపరిచయం లేని ఇద్దరి మధ్య నమ్మకం స్థానంలో కాగితాలు, బ్యాంకులు, చట్టాలు నిలబడతాయి. అవి ఎలా పనిచేస్తాయో నేర్పేదే ఈ కోర్సు.

ఒక ఉదాహరణ చూడండి. అడిగిన పత్రాలు సరిగా అందితే డబ్బు చెల్లిస్తానని కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే హామీని లెటర్ ఆఫ్ క్రెడిట్ అంటారు, వ్యాపారుల మాటలో ఎల్.సి. అందులో మార్చి 31 లోపు సరుకు ఓడకెక్కాలని ఉందనుకుందాం. ఓడ రెండు రోజులు ఆలస్యమై, సరుకు ఓడకెక్కినట్టు ఓడ సంస్థ ఇచ్చే రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్ మీద ఏప్రిల్ 2 తేదీ పడింది. కాయలు ఎంత ఎర్రగా, ఎంత నాణ్యంగా ఉన్నా బ్యాంకు డబ్బు చెల్లించడానికి నిరాకరించవచ్చు. 2007 జులై 1 నుంచి అమలులో ఉన్న, ఎల్.సి.ల విషయంలో బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమావళి యు.సి.పి. 600 ప్రకారం బ్యాంకు చూసేది పత్రాలనే గానీ సరుకును కాదు. ఆ లోపాన్ని పట్టించుకోకుండా పత్రాలు తీసుకోవడానికి కొనుగోలుదారు ఒప్పుకోవచ్చు, కానీ ధర తగ్గించమని బేరం పెట్టడానికి అతనికి అదే అవకాశం. ఓడ ఆలస్యమవుతుందని తెలిసిన రోజునే ఎల్.సి.లో తేదీ మార్పించుకుని ఉంటే ఈ చిక్కే వచ్చేది కాదు. మీ నాన్నగారు రైతుకిచ్చే పట్టీలో బస్తాలు, తూకం, ధర, కమిషన్, హమాలీ ఎలా రాస్తారో ఒకసారి శ్రద్ధగా చూడండి. ఎగుమతి ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ చదవడానికి అంతకంటే మంచి తొలిపాఠం నాకు తోచదు.

రెండవది మారకపు విలువ. కిలో 2 డాలర్ల చొప్పున 20 టన్నులు పంపితే ఇన్వాయిస్ 40,000 డాలర్లు. డబ్బు చేతికి వచ్చేలోగా డాలరు ఒక్క రూపాయి తగ్గినా 40,000 రూపాయలు పోయినట్టే. రాబోయే తేదీకి డాలరు ధరను బ్యాంకుతో ముందే ఖాయం చేసుకునే ఫార్వర్డ్ కాంట్రాక్టుతో ఈ నష్టభయాన్ని ముందుగానే ఎలా కట్టడి చేస్తారో ఫైనాన్స్ పాఠాలు చెబుతాయి.

ఇక నాణ్యతా నియమాలు. యూరోపియన్ యూనియన్ ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు మించకూడదంటుంది. అది బూజు వల్ల పుట్టే విషం. కల్లంలో తడి ఆరని కాయలను కుప్ప పోసినప్పుడు మొదలైన తప్పు విదేశీ రేవులో బయటపడుతుంది. వాణిజ్య చట్టం చదివేవారిలో కల్లాన్ని కళ్లారా చూసినవారు తక్కువ. మీకున్న ఆ అనుభవాన్ని చిన్నచూపు చూడకండి.

కోర్సు ఎంపికకు వస్తే, సుంకం పెంచితే ఎవరికి లాభం, రూపాయి ఎందుకు పడుతుంది వంటి ప్రశ్నలు మిమ్మల్ని పట్టుకుంటే ఎం.ఏ. ఎకనామిక్స్ తీసుకోండి, ఎగుమతి సంస్థలోనో బ్యాంకు ఫారెక్స్ (విదేశీ మారకం) విభాగంలోనో పనిచేయాలనుకుంటే ఎం.బి.ఏ. తగినది. 1963లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్‌లో ఇంటర్నేషనల్ బిజినెస్ ఎం.బి.ఏ.తో పాటు, ట్రేడ్ అండ్ ఫైనాన్స్ ప్రత్యేకాంశంగా ఎం.ఏ. ఎకనామిక్స్ కూడా ఉంది. ఢిల్లీ, కోల్‌కతాలతో పాటు 2022 నుంచి కాకినాడలోనూ క్యాంపస్ నడుస్తోంది; ఏ కోర్సు ఎక్కడ ఉందో ప్రవేశ ప్రకటనలో చూసుకోండి. మీరు గేటు దాటిన సరుకు వ్యాపారం గురించే అడిగారు కాబట్టి నా మొగ్గు ఎం.బి.ఏ. వైపే. అయితే ఏ కళాశాలలోనైనా చేరేముందు సిలబస్ తెప్పించుకుని, ఎగుమతి పత్రాలు, విదేశీ మారకం వేర్వేరు పేపర్లుగా ఉన్నాయో లేదో చూడండి. అవి లేకుండా పేరులో మాత్రమే ‘ఇంటర్నేషనల్’ ఉన్న కోర్సుకు ఫీజు కట్టవద్దు.

ప్రశ్న: ఇంటర్‌లో సి.ఇ.సి. చదివాను. లెక్కలు రాకుండా ఈ రంగంలోకి రావచ్చా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పత్రాలు, కస్టమ్స్, రవాణా పనులకు శాతాలు, మారకపు లెక్కలు తప్పుల్లేకుండా చేయగలిగితే చాలు. ఎం.ఏ. ఎకనామిక్స్‌కు మాత్రం కలనగణితం, గణాంకశాస్త్రం తప్పవు. డిగ్రీ మూడేళ్లలో రోజుకో గంట కేటాయిస్తే రెండూ అందుకోగలరు. ముందు పదకొండో తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. గణిత పుస్తకంలోని ప్రమేయాల అధ్యాయంతో మొదలుపెట్టండి.