స్టెంటా, మందులా? మా నాన్నగారి విషయంలో మేము నిర్ణయించుకున్న తీరు

మీ నాన్నగారికి 62 ఏళ్లని, మెట్లెక్కితే ఛాతీ బరువెక్కుతోందని, ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్షలో లోపం కనిపించాక, గుండె రక్తనాళాలను తెర మీద చూపే యాంజియోగ్రామ్‌లో ఒక నాళంలో 80 శాతం పూడిక కనిపించిందని, ఈ వారంలోనే స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలి గొట్టం) వేయించమన్నారని, మందులతో ఆగితే ప్రాణానికి ముప్పా అని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. కానీ ఇదే ప్రశ్న 2021 జనవరిలో మా ఇంటికీ వచ్చింది. నాన్నగారు మొదట మందులతో, ఆ తరువాత స్టెంట్‌తో, రెండు దారుల్లోనూ నడిచారు కనుక రాస్తున్నాను.

మా నాన్నగారు తెనాలి దగ్గర పల్లెలో బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. అప్పటికి ఆయనకు 66 ఏళ్లు. రోజూ ఉదయం కాలువగట్టు మీద నడిచేవారు. మూడో కరెంటు స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఛాతీ పట్టేసినట్లయ్యేది, రెండు నిమిషాలు నిలబడితే తగ్గేది. యాంజియోగ్రామ్‌కు తీసుకువెళ్లిన రోజున ఆయన ఇంకా లోపల బల్ల మీద ఉండగానే అక్కడి వైద్యులు నన్ను క్యాథ్ ల్యాబ్ (యాంజియోగ్రామ్ చేసే గది) తలుపు దగ్గరికి పిలిచి, తెర మీద సన్నబడిన నాళాన్ని చూపించి, ఇప్పుడే స్టెంట్ వేసేస్తాం, సంతకం పెట్టండి, లేకపోతే ఎప్పుడైనా ఏమైనా జరగవచ్చు అన్నారు. ఇచ్చిన వ్యవధి పది నిమిషాలు. ఆ పది నిమిషాల భయం నాకు ఇప్పటికీ గుర్తుంది. చెయ్యి వణుకుతూనే, ఈ రోజు వద్దు, సీడీ ఇవ్వండి అని అడిగి నాన్నగారిని ఇంటికి తీసుకువచ్చాను. నొప్పి పెరగకుండా ఒకే తీరుగా ఉండే స్థిరమైన జబ్బులో ఆ తొందర అవసరం లేదని తరువాత గుంటూరులో రెండో అభిప్రాయం చెప్పిన వైద్యుడు వివరించాకే నా గుండె కుదుటపడింది.

ఆయన నాన్నగారికి అర్థమయ్యేలా కాలువ భాషలోనే చెప్పారు. తెర మీద కనిపించే ఇరుకు పూడిక లాంటిది, దానివల్ల నీరు తగ్గుతుంది, కష్టపడినప్పుడు నొప్పి వస్తుంది. గుండెపోటు మాత్రం గండి పడటం లాంటిది, అది చాలాసార్లు అంత ఇరుకుగా లేని చోటనే, గట్టు బలహీనంగా ఉన్నచోట పడుతుంది. నాళం గోడలోని మెత్తటి కొవ్వు పొర పగిలి, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. స్టెంట్ ఒక చోట పూడికను తెరుస్తుంది. కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్రలు, ఆస్పిరిన్, బీపీ, షుగర్ అదుపు కాలువ పొడవునా గట్టును కాపాడతాయి. అందుకే స్టెంట్ వేయించుకున్నవారికీ ఆ మందులన్నీ తప్పవు. స్టెంటా, మందులా అని మనం అడుగుతాం గానీ, నిజానికి అడగవలసింది మందులతో పాటు స్టెంట్ ఇప్పుడే కావాలా, కొంత ఆగి చూడవచ్చా అని.

ఇది ఒక వైద్యుడి సొంత నమ్మకం కాదు. 2007లో వెలువడిన కరేజ్ పరిశోధనలో 2,287 మందిని రెండు వర్గాలుగా చేసి సగటున నాలుగున్నరేళ్ల పైచిలుకు గమనించగా, మరణం లేదా గుండెపోటు స్టెంట్ వర్గంలో 19 శాతం, మందుల వర్గంలో 18.5 శాతం మందిలో కనిపించాయి. అప్పటి స్టెంట్లు పాతవి అన్న విమర్శ వచ్చింది. ఆ తరువాత 37 దేశాల్లో 5,179 మందితో జరిగి 2020లో ప్రచురితమైన ఇస్కీమియా పరిశోధనలో, పరీక్షల్లో రక్తప్రసరణ లోపం గట్టిగా కనిపించినవారినే తీసుకున్నారు. మొదటి నుంచీ యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ లేదా బైపాస్ (పూడికను దాటి రక్తానికి కొత్త దారి వేసే ఆపరేషన్) వైపు వెళ్లిన వర్గంలో 145 మంది, ముందు మందులతో ఆగిన వర్గంలో 144 మంది మరణించారు. ప్రక్రియ వల్ల కలిగే గుండెపోట్లు మొదట్లో స్టెంట్ వైపు ఎక్కువ, తరువాతి సంవత్సరాల్లో వాటంతటవి వచ్చే గుండెపోట్లు ఆ వైపే తక్కువ. ఆ రెండో మాట కూడా మీరు తెలుసుకోవాలి కనుకనే రాస్తున్నాను.

అయితే నొప్పి విషయంలో స్టెంట్‌ది నిజమైన మేలే. తరచుగా నొప్పి వచ్చేవారికి ఇస్కీమియాలోనూ స్పష్టమైన ఉపశమనం కనిపించింది, నొప్పే లేనివారికి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బ్రిటన్‌లో కొందరికి స్టెంట్ వేసి, కొందరికి వేసినట్లు భ్రమ మాత్రమే కల్పించి పోల్చిన ఆర్బిటా-2 ఫలితాలు 2023లో వచ్చాయి. ఛాతీనొప్పికి వాడే గుండె మందులు ఆపిన 301 మందిలో పన్నెండు వారాలకు స్టెంట్ వేసినవారిలో 40 శాతం, వేయనివారిలో 15 శాతం నొప్పి లేకుండా ఉన్నారు. అంటే స్టెంట్ పనిచేస్తుంది, కానీ వేయించుకున్న ప్రతివారికీ నొప్పి పూర్తిగా పోతుందని కాదు.

మా ఇంట్లో జరిగింది కూడా ఈ తీరుగానే ఉంది. ఆస్పిరిన్ 75, స్టాటిన్ రకమైన అటోర్వాస్టాటిన్ 40, గుండె వేగం, బీపీ తగ్గించే మెటోప్రొలాల్, బీపీకి రామిప్రిల్ మొదలుపెట్టారు. నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర చొక్కా జేబులో ఎప్పుడూ ఉండాలన్నారు. మూడు నెలల్లో చెడు కొవ్వు 138 నుంచి 64కు దిగింది. నాన్నగారు పాత అలవాటు కొద్దీ నోటుపుస్తకంలో రోజూ ఏ స్తంభం దగ్గర ఆగారో రాసుకునేవారు. మూడు, మూడు, నాలుగు, ఆరు అంటూ సాగి, మే నెలాఖరు పేజీలో «వంతెన దాకా, ఆగలేదు» అని ఉంది. ఏడాదికి పైగా అలాగే గడిచింది. 2022 వేసవిలో లెక్క మళ్లీ ఐదుకు, నాలుగుకు పడిపోయింది. మందుల మోతాదు పెంచితే బీపీ పడిపోయి కళ్లు తిరిగాయి. అప్పుడు సెప్టెంబరులో స్టెంట్ వేయించాం. ఈసారి తలుపు దగ్గర సంతకం కాదు, ఎందుకు వేయించుకుంటున్నామో నాన్నగారికే తెలిసి, ఆయనే నిర్ణయించుకుని వేయించుకున్నారు. నెల తిరిగేసరికి మళ్లీ వంతెన దాకా నడిచారు. ఆ ఇరవై నెలలు ఆగినందువల్ల ఆయన పోగొట్టుకున్నదేమీ లేదని నేను నమ్ముతున్నాను.

మందుల దారి ఎంచుకుంటే దాన్ని సగం మనసుతో నడవకూడదు. కొవ్వు తగ్గింది కదా అని స్టాటిన్ మానేసినవారిని మా బంధువుల్లోనే చూశాను, అది మందుల వైద్యం కాదు, ఏ వైద్యమూ లేకపోవడమే. స్టెంట్ వేయించుకుంటే ఆస్పిరిన్‌తో పాటు రక్తం పలుచబరిచే రెండో మాత్ర సాధారణంగా ఆరు నెలలు వాడాలి. పన్ను తీయించుకోవడానికి కూడా గుండె వైద్యుణ్ణి అడగకుండా దాన్ని ఆపకూడదు.

ఇప్పటివరకు రాసినదేదీ అందరికీ వర్తించదు. కూర్చున్నప్పుడే నొప్పి రావడం, రోజురోజుకూ పెరగడం, చెమటలు పట్టి ఇరవై నిమిషాలైనా తగ్గకపోవడం స్థిరమైన జబ్బు లక్షణాలు కావు. అప్పుడు ఆలోచిస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. గుండెపోటు సమయంలో వేసే స్టెంట్ ప్రాణం నిలుపుతుంది. ఎడమ ప్రధాన నాళంలో పూడిక ఉన్నవారిని, గుండె పంపింగ్ (ఒక్కో స్పందనకు గుండె బయటికి నెట్టే రక్తం వంతు) 35 శాతం కంటే తక్కువ ఉన్నవారిని ఇస్కీమియాలో చేర్చుకోలేదు, వారి లెక్క వేరు. మా బాబాయికి ఎడమ ప్రధాన నాళంలోనే పూడిక కనిపించినప్పుడు మేము రెండో మాట లేకుండా బైపాస్‌కు ఒప్పుకున్నాం. షుగర్ ఉండి రెండు మూడు నాళాలు పూడుకుపోయినవారికి స్టెంట్ల కంటే బైపాస్ మేలని 2012లో వచ్చిన ఫ్రీడమ్ పరిశోధన చూపింది.

కాబట్టి మీ నాన్నగారికి షుగర్ ఉందా, ఎకోలో (గుండె స్కానింగ్‌లో) పంపింగ్ ఎంత ఉంది, పూడిక ఏ నాళంలో ఎక్కడ ఉంది, ఇప్పటికే ఏయే మందులు ఎంత మోతాదులో ఎన్నాళ్లుగా వాడుతున్నారు అన్న నాలుగు విషయాలు కాగితం మీద రాసుకుని, సీడీతో సహా వేరొక గుండె వైద్యుడికి చూపించండి. స్టెంట్ వేస్తే ఆయుష్షు పెరుగుతుందా, నొప్పి మాత్రమే తగ్గుతుందా అని ఆయన్ను సూటిగా అడగండి. ఈలోగా రోజుకు ఎన్ని మెట్లెక్కాక నొప్పి వస్తోందో మీ నాన్నగారినే రాసుకోమనండి. ఆ లెక్క తగ్గుతూ వస్తే మాత్రం వారం ఆగకుండా వెంటనే చూపించండి.